మేలుకొలుపు మూర్తిగారు

కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట వైపు ఏ అపార్ట్‌మెంటుకి వెళ్లినా ఒక మూర్తిగారు ఉంటారు. పేరు వేరే కావచ్చు, ఫ్లాటు నంబరు వేరే కావచ్చు, మనిషి మాత్రం ఆయనే. వయసు నలభై అయిదు దాటింది. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ మేనేజరు, అంటే కంప్యూటరు లోపల చెయ్యి పెట్టి చాలాకాలమైనవాడు. ఆఫీసులో ఆయన చెబితే చేసేవాళ్లున్నారు. ఇంట్లో ఆయన చెబితే వినేవాళ్లు కూడా లేరు. అందుకని ఒక సర్వర్ పెట్టుకున్నారు.

అది అటక మీద ఉంటుంది. ఒక పక్క ఆవకాయ జాడీలు, ఇంకో పక్క బొమ్మలకొలువు బొమ్మల డబ్బా. పాత డెస్క్‌టాప్‌కి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో బేరమాడి కొన్న హార్డ్ డిస్కులు రెండు బిగించి దాన్ని నాస్‌గా, అంటే ఇంట్లో అందరికీ నెట్‌వర్కులో ఫైళ్లు అందించే సర్వర్‌గా మార్చారు. ఒక డిస్కులో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది, ఒకటి పోయినా ఒకటి మిగులుతుందని. క్యాసెట్టు నుంచి ఎక్కించిన పెళ్లి వీడియో, పిల్లల స్కూలు వార్షికోత్సవాలు, డీవీడీల నుంచి దించిన సినిమాలు అందులో ఉన్నాయి. 'మాయాబజార్' 1957 నాటి నలుపు తెలుపుదీ ఉంది, 2010లో రంగులేసినదీ ఉంది. ఇంట్లోవాళ్లు దాన్ని పెట్టె అంటారు. ఆయన ముందు అలా అనరు.

ఇక హాల్లో టీవీ కింద అరచేతిలో పట్టే మీడియా ప్లేయరు, దాంట్లో కోడి అనే సినిమాలు చూపించే ప్రోగ్రాము. మామూలుగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. ప్లేయరు ఆన్ చేస్తాం, సినిమా చూస్తాం, పడుకుంటాం. కానీ మూర్తిగారికి ఒక రాత్రి లెక్క తట్టింది. పెట్టె రోజంతా నలభై వాట్లు తింటోంది. రోజుకి దాదాపు ఒక యూనిట్, నెలకి ఇరవై తొమ్మిది. ఎంత పై శ్లాబులో వేసుకున్నా మూడు వందల రూపాయలు దాటని ఖర్చు. అయినా మధ్యతరగతి తెలుగువాడికి 'శ్లాబు మారుతుంది' అన్న మాట వినపడితే గుండె ఆగుతుంది. కాబట్టి పెట్టె పడుకోవాలి. ఎవరైనా సినిమా అడిగినప్పుడు మాత్రమే లేవాలి. లేపడానికి స్టూలు వేసుకుని అటక ఎక్కకూడదు, సోఫాలోంచి రిమోట్ నొక్కితే లేవాలి.

దీనికి విద్య ఉంది. 1995లో ఏఎండీ, హెచ్‌పీ కలిసి తెచ్చిన మ్యాజిక్ ప్యాకెట్ అది. పెద్ద ఆఫీసుల్లో అందరూ ఇళ్లకి పోయాక కంప్యూటర్లని దూరం నుంచి లేపి పని చేయించుకోవడానికి పనికొస్తుందని పుట్టింది. మూర్తిగారు దీన్ని ఇంటికొచ్చిన ప్రతి అతిథికీ వివరిస్తారు, కాఫీ రాకముందే. కంప్యూటరు పడుకున్నా దాని నెట్‌వర్క్ కార్డుకి కాస్త కరెంటు అందుతూనే ఉంటుందట. ఆ కార్డు ఒకే ఒక్క పిలుపుకి పలుకుతుందట. ముందు ఆరు బైట్ల ఎఫ్ఎఫ్‌లు, అది ఓంకారం. ఆ తర్వాత కార్డు మ్యాక్ అడ్రసు పదహారుసార్లు. అడ్రసుకి ఆరు బైట్లు, మొత్తం 102. "మ్యాక్ అడ్రసులో మొదటి సగం తయారుచేసిన కంపెనీది, రెండో సగం కార్డు సొంతం. అంటే మనలాగే ఇంటిపేరు ముందు! ఇంటిపేరుతో సహా పదహారుసార్లు అర్చన చేస్తే స్వామి కళ్లు తెరుస్తాడండీ" అంటారు. ఈ వాక్యం దగ్గర ఆయన గొంతు కాస్త వణుకుతుంది. నిజం చెప్పాలంటే బాగానే చెబుతారు. చెప్పడంలో ఎప్పుడూ లోపం లేదు.

లోపమల్లా ఆ అర్చన అందిందో లేదో తెలియకపోవడంలో ఉంది. ప్యాకెట్‌కి జవాబు రాదు, రసీదు లేదు. మామూలుగా దాన్ని పంపేది తొమ్మిదో నంబరు పోర్టుకి, ఆ పోర్టేమో వచ్చిన సరుకుని వచ్చినట్టు పారేయడానికి కేటాయించినది. అందుకని మూర్తిగారు రిమోట్ నొక్కాక తల పక్కకి వాల్చి అటక వైపు చెవి పెడతారు. ఫ్యాను గుర్రుమంటే ముఖం వెలుగుతుంది. ఆ సమయంలో కుక్కరు కూత వేసినా ఆయనకి కోపమే.

కూత వేయకపోయినా చాలా రోజులు ఫ్యాను గుర్రుమనలేదు. మొదట పెట్టెకి వైఫై పెట్టారు. పడుకున్నాక అది పలకలేదు, తీగ కావాలంది. దాంతో రౌటర్ నుంచి అటక దాకా క్యాట్ సిక్స్ కేబులు లాగారు, వంటింటి ద్వారబంధం మీదుగా. ఉగాదికి అత్తగారు మామిడాకులు దానికే గుచ్చారు. ఆ తర్వాత బయోస్‌లో ఈఆర్‌పీ అన్న మీట అడ్డం వచ్చింది. యూరప్‌లో విద్యుత్తు పొదుపు నిబంధనల కోసం పెట్టిన మీట అది. వేసి ఉంటే పడుకున్నప్పుడు కార్డుకి కూడా కరెంటు ఆపేస్తుంది. కరెంటు పొదుపు చేద్దామని బయల్దేరిన మనిషికి దారిలో కరెంటు పొదుపే అడ్డం పడటం మూర్తిగారికి తప్ప అందరికీ నవ్వొచ్చింది. చివరికి కోడిలో 'సర్వర్‌ని లేపే ప్రయత్నం చేయి' అన్న మీట వెతికి పట్టుకోవడానికి సెట్టింగుల స్థాయిని బేసిక్ నుంచి ఎక్స్‌పర్ట్‌కి మార్చారు. ఆ మార్చడం ఆయనకి ప్రమోషన్ వచ్చినంత పని.

లేవడం మొదలుపెట్టాక ఇంకో చిక్కు. ఇప్పుడది ఎవరు పలకరించినా లేస్తోంది. మ్యాజిక్ ప్యాకెట్‌కే లేవమని కట్టడి చేయడం మరిచారు గనక, రాత్రి రెండింటికి అబ్బాయి ఫోను ఏదో వెతుక్కుంటూ అటువైపు ఒక ప్యాకెట్ విసిరినా లేచి కూర్చుంటోంది. పెట్టె లేస్తే మూర్తిగారు లేస్తారు. మూర్తిగారు లేస్తే లైటు వెలుగుతుంది. లైటు వెలిగితే భార్య లేస్తారు. "ఏవండీ, అది పడుకోవాలని కదా ఇదంతా?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబుగా ఆయన లాప్‌టాప్ తెరిచారు.

ఆయన ప్రతిభకి పరాకాష్ఠ మాత్రం ఆదివారం ప్రదర్శన. తోడల్లుడి కుటుంబం భోజనానికొచ్చింది. "ఇప్పుడు చూడండి, పెట్టె... సర్వర్ నిద్రలో ఉంది" అని రిమోట్ నొక్కారు. అందరూ అటక వైపు చూశారు. నిశ్శబ్దం. ప్లేయరు తెర మీద ఒక చక్రం తిరిగి తిరిగి, సర్వర్ దొరకలేదని రాసి ఊరుకుంది. "డిస్కులు తిరగడానికి టైము పడుతుంది, ఈలోగా ప్లేయరు తొందరపడింది" అని ఆయన మళ్లీ నొక్కారు. అత్తగారికి అల్లుడంటే అభిమానం. పది మందిలో ఆయన చిన్నబోతుంటే చూడలేకపోయారు. మెల్లగా లేచి, వంటింటి మూలనున్న బూజుకర్ర తెచ్చి, దాని కొసతో పెట్టె పవర్ బటన్ నొక్కారు. ఆవిడ చాలాకాలంగా మధ్యాహ్నాలు అలాగే లేపుకుని సినిమాలు చూస్తున్నారన్న సంగతి అప్పుడు బయటపడింది.

కానీ ఆ క్షణానికి మూర్తిగారి రెండో ప్యాకెట్ పనిచేసింది. పెట్టె అప్పటికే లేచింది. లేచి ఉన్న పెట్టె బటన్ నొక్కితే అది మర్యాదగా ఆగిపోతుంది. ఆగింది. మూర్తిగారు మళ్లీ రిమోట్ నొక్కారు. లేచింది. "లేవలేదేమో బాబూ" అని అత్తగారు మళ్లీ బూజుకర్ర ఎత్తారు. తోడల్లుడు ఫోనులో యూట్యూబ్ పెట్టి, ఆయన చూపించబోయిన సినిమాయే వెతికి, టీవీ మీదికి పంపి, "ఇదేగా అన్నగారూ?" అన్నాడు. మూర్తిగారు ఆరోజు పెరుగన్నం తినలేదు.

అంతటితో ఊరుకుంటే ఆయన మూర్తిగారు ఎందుకవుతారు? ఇంట్లోంచి లేపడం చేతనయ్యాక వేరే ఊళ్లోంచి లేపాలనిపించింది. రాజమండ్రిలో బావమరిది ఇంట్లో కూర్చుని హైదరాబాద్ అటక మీది పెళ్లి వీడియో చూపించాలి. అయితే ఈ ప్యాకెట్ ఇంటి నెట్‌వర్కులో అందరికీ వినపడేలా వేసే కేక. బయటి నుంచి వేసిన కేకని రౌటర్లు మామూలుగా గుమ్మంలోనే ఆపేస్తాయి. పైగా ఇంటి కనెక్షన్‌కి సొంత ఐపీ చిరునామా లేదు, నలుగురితో కలిపి ఒకటే. కాబట్టి లోపలే ఉండి తన తరఫున కేక వేసే మనిషి కావాలి. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు కొని రౌటర్ పక్కన పెట్టారు. అది ఇరవై నాలుగ్గంటలూ మెలకువగా ఉంటుంది. పడుకున్నవాణ్ణి లేపడానికి పడుకోనివాణ్ణి జీతానికి పెట్టారన్నమాట. దాని ధర, దానికి పెట్టిన ఇన్వర్టరు ధర కలిపితే పెట్టె ఏళ్ల తరబడి మేలుకుని ఉన్నా కరెంటు బిల్లుకి సరిపోతుంది. ఈ లెక్క ఆయనకి ఎవరూ చెప్పరు, అందరూ ఆయన మంచి కోరేవాళ్లే.

రాజమండ్రి వెళ్లిన రోజున హైదరాబాద్‌లో కరెంటు పోయి వచ్చింది. ఇన్వర్టరు రాస్ప్‌బెర్రీ పై వరకే, పెట్టెకి లేదు. కరెంటు పూర్తిగా పోయి వచ్చాక చాలా మదర్‌బోర్డులు ఒకసారి చేత్తో ఆన్ చేస్తే తప్ప ఏ పిలుపుకీ పలకవు. మూర్తిగారు అరగంట అర్చన చేసి, చివరికి వాచ్‌మన్‌కి ఫోను చేశారు. తాళంచెవి పక్కింట్లో ఉంది, బూజుకర్ర వంటింట్లో ఉంది. "నీలం లైటు వచ్చింది సార్" అని అవతలి నుంచి వినపడగానే బావమరిది ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. వాచ్‌మన్‌కి ఆరోజు నుంచి నెలకి వంద రూపాయలు.

ఇప్పుడు ఆయన దృష్టి ఇంకో వైపు మళ్లింది. లేపడానికి ప్యాకెట్ కనిపెట్టినవాళ్లు పడుకోబెట్టడానికి కనిపెట్టలేదు. సినిమా అయిపోయాక పెట్టెని నిద్రపుచ్చడానికి వేరే ప్రోగ్రాము రాసుకోవాలి. మొన్న రాత్రి పన్నెండింటికి ఆ ప్రోగ్రాము మొదటిసారి పనిచేసింది, సినిమా ఇంకా ఇంటర్వెల్ దగ్గరుండగా.