అడుగు నిలవని గిన్నె

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ స్టాపులో రోజూ ఎంతోమంది దిగుతారు. బ్యాంకు పనికి దిగేవాళ్లు, ఆబిడ్స్‌లో చెప్పులకో చీరలకో దిగేవాళ్లు, నిద్రలో తమ స్టాపు దాటిపోయి ఉలిక్కిపడి దిగేవాళ్లు. ఫిరంగి కోసం దిగేవాడు మాత్రం ఒక్కడూ కనిపించడు. పేరు ఊరికే రాలేదు, ఇక్కడ నిజంగానే ఫిరంగులు పోశారు. రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో సేనానిగా ఉన్న ఫ్రెంచివాడు రేమండ్ 1795లో పెట్టించిన పోతశాల అది. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు.

ఈ రేమండంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ఆయన 1775లో పాండిచ్చేరిలో దిగింది వ్యాపారం చేసుకుందామని. ఇరవయ్యేళ్లు తిరిగేసరికి ఫిరంగుల దాకా వచ్చాడు. నేను ఉద్యోగకాలమంతా ఫైళ్ల మధ్య వెళ్లబుచ్చి, పెన్షన్ కాగితాలు చేతికొచ్చాక, ఆయన పోతశాలకు కూతవేటు దూరంలో రాగి గిన్నె దాకా వచ్చాను. దారి ఒకటే, నడకలోనే తేడా.

ఇంకో తేడా కూడా ఉంది. పోత పోసే అచ్చులో తడి మిగిలితే అది ఆవిరై, బయటపడే దారిలేక లోహం లోపలే బుడగై నిలిచిపోతుంది. చెంబులో బుడగుంటే నీళ్లు కారతాయి. ఫిరంగిలో బుడగుంటే ఫిరంగే పేలుతుంది, శత్రువు కంటే ముందు వెనకాల నిలబడ్డ మనవాడు పోతాడు. నాది పోతపని కాదు, రేకును సుత్తితో సాగగొట్టే పని. గిన్నె ఎంత వంకరగా వచ్చినా ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. దాని గురించి ఇంట్లోవాళ్లకు నేను చెప్పుకున్న మొదటి సుగుణం ఇదే.

నాతోపాటు రిటైరైనవాళ్లు పబ్లిక్ గార్డెన్స్‌లో నడకకు వెళ్తారు. నేనూ ఆ మిషతోనే బయల్దేరి, నాంపల్లి స్టేషన్ వెనక ఒక సందులో కళాయి దుకాణం దగ్గర ఆగిపోయాను. పెళ్లివంటల రాగి దేగ్‌చాలు అక్కడికి వస్తాయి. రాగిలో పులుపు వండితే చిలుము దిగుతుంది కాబట్టి లోపల తగరం పూత ఉండాలి, అది అరిగినప్పుడల్లా మళ్లీ వెయ్యాలి. ఉస్తాద్ దేగ్‌చాను నిప్పుల మీద దొర్లిస్తూ, ఇంత నవసాగరం పొడి చల్లి, తగరం కడ్డీ అలా ఒకసారి తాకించి, దూదితో ఒక్క తుడుపు తుడిచేవాడు. గుప్పున తెల్లపొగ లేచేది. పొగ విడేసరికి లోపలంతా తెల్లగా తళతళలాడేది. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది గనక వ్యవహారమంతా క్షణాల్లో తేలిపోవాలి. ఆలస్యమైతే పూత మాడుతుంది, తొందరపడితే అంటదు. ఇదంతా తర్వాత తెలిసింది. చూస్తున్నప్పుడు మాత్రం, ఇంతేనా, అనిపించింది.

"నాకు నేర్పుతారా?" అన్నాను.

ఉస్తాద్ నా చొక్కా ఇస్త్రీ చూశాడు, చేతులు చూశాడు.

"బీపీ ఉందా సార్?"

"ఉంది."

"ఇక్కడ ఇంకా పెరుగుతది. రండి."

మొదట బొగ్గుల దగ్గర ఫ్యాను తిప్పడం, తర్వాత దేగ్‌చాలు తోమడం, ఆ తర్వాత చాలాకాలానికి ఒక రాగిరేకు ముక్క. దాన్ని గిన్నె చెయ్యమన్నాడు. చేతిలో సుత్తి పడగానే నాలో ఎక్కడెక్కడి పాత బాసులో గుర్తొచ్చి దబదబా బాదేశాను. ఉస్తాద్ బీడీ తీసి పక్కన పెట్టాడు. "హల్లు మారో సార్, హల్లు. మెల్లగా. రాగి యాడికీ పోదు."

రాగికో గుణముంది. కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడ్డాక కూడా కొడితే అంచు చీలుతుంది. అందుకని మధ్యమధ్యలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి, అప్పుడు మళ్లీ మెత్తబడుతుంది. ఉక్కు ఉలిని అలా కాల్చి ముంచితే ఇంకా గట్టిపడుతుంది. ఒకే కొలిమి, ఒకే నీళ్ల తొట్టి, రెండు లోహాలకు రెండు ఫలితాలు. ఈ విచిత్రాన్ని మా అల్లుడి దగ్గర ప్రస్తావించాను. అతను మెకానికల్ ఇంజనీరు, అంటే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. "అది రీక్రిస్టలైజేషన్ మావయ్యగారూ" అని వెంటనే కాగితం తీసి బొమ్మ గీశాడు. దెబ్బలకు లోపలి స్ఫటికాలు నలిగి ఇక కదలనని మొరాయిస్తాయట. వేడి తగిలితే వాటి స్థానంలో కొత్తవి పుట్టి రాగి మళ్లీ లొంగుతుందట. స్ఫటికాల చుట్టూ అతను గీసిన సున్నా చక్కగా గుండ్రంగా వచ్చింది. నాకు కొంచెం బాధ కలిగింది.

కాల్చినప్పుడల్లా రాగి నల్లబడుతుంది. ఆ నలుపు వదలాలంటే చింతపండు, ఉప్పు. మా ఇంట్లో ఆ నెల పులిహోర కూడా నిమ్మకాయతోనే జరిగింది. కారణం అడిగితే మా ఆవిడ నా వైపు చూపించేది.

సొంత సుత్తి కోసం ట్రూప్‌బజార్ వెళ్లాను. అక్కడ సగం దుకాణాలు కుళాయిలు, సగం కరెంటు సామాను. బాల్‌పీన్ సుత్తి కావాలంటే, "మీ ప్లంబర్‌ని పంపించండి సార్, వాడికైతే సైజు తెలుస్తది" అన్నాడు కుర్రాడు. వాడేది నేనేనన్నాను. లోపలికి చూసి పెద్దాయనతో ఏదో గొణిగాడు. బేరమాడకుండానే ధర తగ్గింది.

పుస్తకం సంగతి ఇంకా బాగుంది. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దిగితే ఆ మెట్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంగ్లీషు నవలల గుట్ట కింద షీట్‌మెటల్ పని గురించిన ఐటీఐ పుస్తకం దొరికింది. పాత యజమాని శ్రద్ధావంతుడు. ముందుమాట నుంచీ ఎర్రసిరాతో గీతలు, మార్జిన్లో నక్షత్రాలు, జాగ్రత్తల అధ్యాయంలో ప్రతి వాక్యం కిందా రెండేసి గీతలు. సుత్తి పట్టుకునే అధ్యాయం దగ్గర గీతలు ఆగిపోయాయి. అక్కణ్ణుంచి చివరిదాకా పుస్తకం కొత్తదే. ఆ అజ్ఞాత సోదరుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. నేను అతనికంటే ఒక అధ్యాయం ముందుకు వెళ్లాను.

మొత్తానికి గిన్నె తయారైంది. పైనుంచి చూస్తే దోసకాయ మాదిరి కోల. పక్కనుంచి చూస్తే అంచు ఒకచోట లేచి, ఒకచోట కుంగి. అడుగు ముచ్చటగా ఊగుతుంది. దీన్ని షోకేసులో పెట్టాక నాకు మనవాళ్ల మర్యాద ఎంత లోతైనదో తెలిసింది. ఒక్కరూ బాగాలేదనరు. "ఎంత ఓపికండీ మీకు!" అంటుంది వదినగారు. మెచ్చుకున్నది ఓపికను, గిన్నెను కాదు. "కాలక్షేపం బాగా అవుతోందన్నమాట" అంటారు పక్కింటాయన. ఒక పిన్నిగారు చాలాసేపు చూసి, ఇంతకీ రాగి కిలో ఎంతుందని అడిగారు. మా బావమరిది ఒక్కడే మనసు విప్పాడు. "బావా, పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అచ్చం ఇలాంటివే చూశాను." అక్కడివి వేల ఏళ్లు మట్టిలో నాని ఆ రూపానికి వచ్చాయి. నాది పుట్టడమే ఆ వయసులో పుట్టింది.

ఒకామె అయితే, ఆదిలాబాద్ డోక్రాలా ఉందంది. ఆ మాట పట్టుకుని గన్‌ఫౌండ్రీలోని హస్తకళల ఎంపోరియంకి పరిగెత్తాను. డోక్రా పనివాళ్లు మట్టిబొమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. అచ్చు పగలగొడితే గాని వస్తువు బయటికి రాదు కనుక ఏ రెండూ ఒకేలా ఉండవు. ఆ గరుకుదనమంతా మైనపు తీగ వరస. కావాలని తెచ్చుకున్నది. కాసేపు ఏనుగు బొమ్మ ముందు నిలబడి, సంచిలోని గిన్నె బయటికి తియ్యకుండానే వచ్చేశాను.

దారిలో ఆబిడ్స్ పాత్రల షాపులో రాగి సీసాలు చూశాను. ఒంటినిండా సుత్తి దెబ్బల సొట్టలే. అడిగితే, "హ్యామర్డ్ ఫినిష్ సార్, ప్లెయిన్ కంటే రేటెక్కువ" అన్నాడు. సొట్టలన్నీ ఒకే లోతు, ఒకే ఎడం. యంత్రం కొట్టింది. యంత్రం చేతిని అనుకరిస్తే ఫినిష్ అట, చెయ్యి చెయ్యిలాగే కొడితే సొట్టట. ఇక్కడ మొదట్నుంచీ అంతే కాబోలు. ఆరో నిజాం దగ్గర నౌకరీ చేసిన అల్బర్ట్ ఆబిద్ కొట్టు పెట్టిన నాటి నుంచీ ఈ పేటంతా అద్దాల వెనక తయారైన సరుకు పెట్టుకుని బతుకుతోంది. తయారవుతున్న సరుకు చూడాలంటే వెనక సందుల్లోకి పోవాలి.

జనవరి వచ్చింది, ఏటా జరిగే ప్రదర్శన నుమాయిష్ మొదలైంది. కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు అంటారు గాని, ముక్కు విరిగిన సూదిని తీసుకెళ్లి కమ్మరులకు చూపించే ధైర్యం గురించి సామెత ఉన్నట్టు లేదు. నేను గిన్నెను సంచిలో వేసుకుని నాంపల్లి గ్రౌండ్‌కి బయల్దేరాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచిలో చెయ్యి పెట్టి గిన్నె తీశాడు. "యే క్యా హై?" "గిన్నె." ఇంకోసారి తిప్పి చూసి, పై అధికారిని పిలిచాడు. ఆయన కూడా అదే ప్రశ్న అడిగాడు.

బిద్రీ స్టాల్లో జనం తక్కువగా ఉన్న వేళ చూసుకుని వెళ్లాను. హుక్కా బుడ్డీలు, పాన్‌దాన్లు, పూలకుండీలు. నల్లటి నలుపు మీద వెండితీగల పూలు. బిద్రీ లోహంలో ఎక్కువ భాగం జింకు, కొంచెం రాగి. పోత పోసి, ఆకురాయితో సాపు చేసి, మైలుతుత్తం రుద్దితే తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపు మీద ఉలితో చెక్కి, గాడిలో వెండితీగ కూర్చి కొడతారు. చివర్లో బీదర్ కోట మట్టిని నవసాగరంతో కలిపి, వస్తువును వెచ్చజేసి పట్టిస్తారు. జింకు శాశ్వతంగా నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. మా ఉస్తాద్ చేతిలో రాగిని శుభ్రం చేసి తెల్లపూత అంటేలా చేసేదీ ఆ నవసాగరమే. మట్టి మంచిదో కాదో నాలిక మీద వేసుకుని తేలుస్తారు. మీరూ రుచి చూస్తారా అని నన్నడిగాడు స్టాల్లో కూర్చున్న పెద్దాయన. షుగరుందని తప్పించుకున్నాను.

మాట కలిసింది గదా అని గిన్నె తీశాను. అప్పటిదాకా చూసినవాళ్లంతా దాని ముఖమే చూశారు. ఈయన తీసుకోగానే బోర్లించాడు. అడుగున బొటనవేలు తిప్పాడు, అంచును కంటి ఎత్తుకు పెట్టి ఒక కన్ను మూశాడు, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బీపీ నిజంగానే పెరిగింది.

"కాల్చడం తెలిసింది" అన్నాడు. "ఎక్కడా చీలలేదు. కొట్టడం తెలియలేదు. ఎవరు నేర్పారు?"

"నాంపల్లిలో కళాయి ఉస్తాద్."

"ఆయన తప్పేం లేదు."

అని, టేబుల్ గుడ్డ ఎత్తి కింద నుంచి ఒక రేకు పెట్టె లాగాడు. అందులో తీగ ఊడిన పెట్టెలు, పోతలో గుంట పడ్డ మూతలు, నలుపు సమానంగా ఎక్కని చిన్న ఏనుగొకటి. "ఇది నా కొడుకు. ఇది నేను, పోయినేడు. ఇదీ నేనే." ఒక్కొక్కటీ ఎక్కడ చెడిందో చూపించుకుంటూ పోయాడు. వెనకనున్న గిరాకీ రెండుసార్లు దగ్గి వెళ్లిపోయాడు. ఆ పెట్టె కొనేవాళ్లకు చూపించేది కాదు. నేను మర్యాదగా ఒక పాన్‌దాన్ కొనుక్కుని ఉంటే నాకూ కనిపించేది కాదు.

అందుకే నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ వారికి నాదొక మనవి. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో ఈ నుమాయిష్ పెట్టింది మనవాళ్ల ఉత్పత్తులు మనకు చూపించడానికి. 1946లో ఈ గ్రౌండ్‌కి మారాక అది ఇంతై అంతైంది. ఇన్ని స్టాళ్లలో ఒక్కటి కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇవ్వండి. మిర్చిబజ్జీలకూ జెయింట్ వీల్‌కూ మధ్యనైనా పర్వాలేదు. అద్దె కట్టుకుంటాం. సరుకు అమ్ముడుపోతుందన్న భయం అక్కర్లేదు.

ఇక గిన్నె విషయం. దగ్గరి చుట్టాల గృహప్రవేశానికి మా ఆవిడ ఉత్సాహంగా, "కొన్నదేం పెడతాం, మీ చేత్తో చేసింది పెడదాం" అంది. షోకేసు ఖాళీ చేయించాలన్న ఆలోచన అందులో ఉందని నాకు ఆ క్షణంలో తట్టలేదు. రంగుకాగితం చుట్టి ఇచ్చాం. వాళ్లు చాలా సంతోషించారు, కాగితం విప్పకముందు.

తర్వాత మా మనవడి పుట్టినరోజు వచ్చింది. వచ్చిన కానుకలు విప్పుతుంటే ఒకదాంట్లోంచి రాగి గిన్నె దొర్లి, నేల మీద ఊగి, ఊగి, ఆగింది. తెచ్చింది మేమిచ్చిన చుట్టాలు కాదు, వాళ్ల వియ్యంకుల వైపు వాళ్లు. మధ్యలో ఎన్ని ఇళ్లు తిరిగిందో భగవంతుడికెరుక. వెళ్లినప్పుడు లేనిది ఒకటి తిరిగొచ్చినప్పుడు ఉంది. పాత్రల షాపుల్లో చెక్కిస్తారే, అలా అంచు పక్కన చుక్కల అక్షరాల్లో "ఆశీస్సులతో" అని, కింద ఇంటిపేరుతో సహా ఇచ్చినవారి పేరు, తేదీ. గిన్నె ఎక్కడ వంకర తిరిగిందో అక్కడ వరసను కూడా నేర్పుగా వంచి, అక్షరాలు సమంగా తెచ్చాడు చెక్కినవాడు.

మర్నాడు దాన్ని సందులోకి తీసుకెళ్లాను. ఉస్తాద్ గిన్నె అందుకుని, అడుగు చూడలేదు, అంచు చూడలేదు. కళ్లజోడు పైకి నెట్టి ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు.

"ఇది ఎవరు చేసిన్రు సార్?"

"తెలీదు. ఎక్కడో పాత్రల షాపులో."

"మంచి చెయ్యి. దొరికితే తీస్కరండి, మీ జాగాలో కూసోబెడతా."