పిక్కల్లో విషం

మీ పిక్కల్లో విషం ఉంది. మీకు తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు. ఏసీ గదిలో బల్ల పక్కన నిలబడ్డ థెరపిస్టు బొటనవేలికి మాత్రం తెలుసు.

ఏ విషమని అడగకూడదు. అడిగితే ‘టాక్సిన్స్ సార్’ అంటారు. దానికి పేరుండదు, ఏ రక్తపరీక్షకూ దొరకదు. గంటసేపు పిసికి, ‘ఇవాళ నీళ్లు బాగా తాగండి, అన్నీ పోతాయి’ అని బిల్లు చేతిలో పెడతారు. పుట్టినప్పటి నుంచీ రాత్రనక పగలనక రక్తం వడగడుతున్న కిడ్నీలు వింటే సమ్మె కడతాయి.

జిమ్ము బాబులకైతే విషానికి పేరు కూడా చెబుతారు: లాక్టిక్ యాసిడ్. లెగ్ డే మర్నాడు మెట్లు దిగలేకపోతే అది కండలో పేరుకుపోయిందట, పిండి తీయాలట. నిజానికి వ్యాయామం ఆపిన గంటా గంటన్నరకే దాని లెక్క మామూలుకొస్తుంది. నొప్పి ముదిరేది ఆ తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో. అలవాటు లేని బరువుకు కండరపు పోగుల్లో పడ్డ సన్నటి చీలికలూ, వాటి వెంట వచ్చే వాపూ ఆ నొప్పికి కారణం. 2010లో కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ముంజేతిని అలిసేలా పనిచేయించి, మర్దన చేసి కొలిచారు. రక్తప్రసరణ తగ్గింది, లాక్టిక్ యాసిడ్ పోవడం ఇంకా మందగించింది. కండను నొక్కితే లోపలి రక్తనాళమూ నొక్కుకుంటుంది మరి!

అసలు మజా ఫేసియాది. కండరాల చుట్టూ ఉండే ఈ పొర బిగుసుకుపోయిందనీ, వేళ్లతో విడదీస్తామనీ హామీ. 2008లో కొందరు లెక్కగట్టారు: తొడ వెలుపలి గట్టి పొరను ఒక్క శాతం నొక్కాలంటే 925 కిలోల బరువు మోపాలి. అంటే తొడమీద ఓ చిన్న కారు ఎక్కించాలి. అప్పుడూ ఒక్క శాతమే. ముక్కు మీది మెత్తటి పొర మాత్రం చేతి బలానికి లొంగుతుందట. ముక్కు పట్టేసిందని స్పాకు వెళ్లినవాణ్ణి నేనింకా చూడలేదు.

2016 రియో ఒలింపిక్స్‌లో మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఊదారంగు గుండ్రాలు కనపడ్డాయి: చర్మాన్ని కప్పుల్లోకి పీల్చే ‘కప్పింగ్’ గుర్తులు. అప్పటికే 18 స్వర్ణాలు తెచ్చిపెట్టిన ఈతను వదిలేసి, జనం కప్పుల వెంట పడ్డారు. ఆ గుండ్రాలు చర్మం కింద చిట్లిన సన్నటి రక్తనాళాలు. బస్సులో సీటు కమ్మీ తగిలి అలాంటి మచ్చే వస్తే కండక్టరుతో గొడవకు దిగుతాం. ఇక్కడ డబ్బు కట్టి, ఫొటో కూడా దిగుతాం.

మర్దన దండగని కాదు. 2020లో 29 అధ్యయనాలు, 1012 మంది ఫలితాలు కలిపి చూస్తే, ఆటలో సత్తువ పెరగలేదు గానీ నొప్పి కాస్త తగ్గింది, ఒళ్లు కాస్త వంగింది. దీపావళి తెల్లవారుజామున మాడుకు నువ్వులనూనె అంటిన అమ్మమ్మ ఇచ్చిందీ ఆ కాస్త హాయే. ఆవిడ ఏ పొరనూ విడదీస్తానని అనలేదు. కానీ ఉత్త హాయికి వేలు ఎవరిస్తారు? అందుకే విషం కావాలి, పొర కావాలి, పది సిట్టింగుల ప్యాకేజీ కావాలి. ఒక్కో సిట్టింగుకు పొర ఎంత శాతం కదిలిందో మాత్రం రసీదులో రాయరు.