ఏప్రిల్ బావ

ఇందుకూరుపేట దాటి మైపాడు సముద్రం వైపు పోతుంటే ఏ ఊళ్ళో అయినా తాళం వేసిన మంచి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. ఉప్పుగాలికి గేటు తుప్పు పట్టి ఉంటుంది. గోడ రంగు పెచ్చులు లేచి ఉంటుంది. అరుగు మీద పక్కింటివాళ్ళు వడియాలో ఎండుచేపలో ఆరబోసుకుని ఉంటారు. ఇంటాయన ఎక్కడ అంటే "అమెరికాలో ఉండాడు" అంటారు. అంతకంటే వివరం ఊరికి అక్కర్లేదు.

ఆ జాతి మనిషి ఒకాయన మా ఆవిడకు స్వయానా అన్న. నేనాయన్ని ఏప్రిల్ బావ అంటాను. తక్కిన పదకొండు నెలలూ వాట్సాప్‌లో పండగ బొమ్మలు పంపడం తప్ప ఉలుకూ పలుకూ ఉండదు. ఏప్రిల్ వచ్చిందంటే మాత్రం తెల్లవారి ఐదున్నరకే ఫోను మోగుతుంది. డాలస్‌లో అప్పుడు రాత్రి ఏడు. ఆయన భోంచేసి తీరిగ్గా కూర్చుంటాడు. నేను పళ్ళు తోముకోకుండా కూర్చుంటాను.

"బావా, ఇంటి పన్ను కట్టినావా?"

ఏప్రిల్లోనే ఎందుకంటారా? బావకు ఇక్కడ ఇళ్ళు రెండు. ఊళ్ళో తండ్రి కట్టించింది ఒకటి, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో తాను కొనుక్కున్నది ఒకటి. పట్టణంలో ఇంటి పన్ను ఆరు నెలలకోసారి కట్టేది. ఏడాది మొత్తం ఒకేసారి ఏప్రిల్ 30 లోపల కట్టేస్తే ఐదు శాతం తగ్గిస్తారు. కట్టకుండా నాన్చితే నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది. ఆ తగ్గే ఐదు శాతం లెక్కవేస్తే, బావ ఆఫీసుకు పోతూ దారిలో కొనుక్కునే రెండు కాఫీల ఖరీదు. ఆ రెండు కాఫీల కోసం నెలంతా నాకు నిద్ర ఉండదు.

పోనీ పిసినారా అంటే కాదు. ఊరి గుడికి ధ్వజస్తంభం పెడుతున్నామంటే లక్ష రూపాయలు పంపాడు, రసీదు కూడా అడగలేదు. పంచాయతీకి కట్టే ఇంటి పన్ను రసీదు మాత్రం ఫొటో తీసి పంపాలి. నాలుగు మూలలూ పడాలి, నీడ పడకూడదు.

అసలు విచిత్రం ఆయన అక్కడ కట్టే పన్నులో ఉంది. టెక్సాస్ రాష్ట్రంలో జీతం మీద రాష్ట్రానికి కట్టే ఆదాయపు పన్ను లేదు. ఆ లోటులో చాలా భాగం ఇళ్ళ మీద పడుతుంది. కౌంటీకి ఇంత, ఊరికి ఇంత, బడి జిల్లాకు అన్నిటికంటే ఎక్కువ, అన్నీ కలిపితే ఇంటి విలువలో ఏటా సుమారు రెండు శాతం తేలుతుంది. ఐదు లక్షల డాలర్ల ఇల్లయితే పదివేల డాలర్లన్న మాట. ఆ డబ్బుతో మా ఊళ్ళో ఇళ్ళన్నిటికీ పన్ను కట్టి, మిగిలినదాంతో ఊరంతటికీ చేపల పులుసు పెట్టొచ్చు. "అంత పోతుందే, బాధగా లేదా బావా?" అని ఒకసారి అడిగాను. "అది ఎస్క్రోలో పోతుంది బావా" అన్నాడు, వాన వెలిసిందని చెప్పినంత తేలిగ్గా. బ్యాంకువాళ్ళు ఇంటి అప్పు వాయిదాతో పాటే నెలనెలా కొంత పట్టుకుని, పన్ను వాళ్ళే కట్టేస్తారట. అక్కడ పన్ను బ్యాంకు కడుతుంది. ఇక్కడ పన్ను ఆయన కడతాడు. అదే తేడా.

అయితే అక్కడి అలవాటొకటి ఇక్కడికి పట్టుకొచ్చాడు. ఏటా వసంతంలో కౌంటీవాళ్ళు ఇంటి విలువ ఇంత పెరిగిందని కాగితం పంపుతారు. అది తప్పని అక్కడి జనం మామూలుగా మే 15 లోపల అభ్యంతరం పెడతారు. బావ ఏటా పెడతాడు. మా వీధిలో ఇల్లు తక్కువకు అమ్ముడుపోయింది, మా కప్పు మీద వడగళ్ళు పడ్డాయి అని ఫొటోలతో సహా వాదిస్తాడు. ఆ ఊపులో మనకూ ఫోను.

"ఏంది బావా, 2021 నుంచి అద్దె విలువ లెక్క తీసేసి ఆస్తి విలువ మీద పన్నేస్తుండారంట. మనం అబ్జెక్షన్ పెట్టినామా?"

"ఒక్కసారే బాదకుండా ఏడాదికి పదిహేను శాతం మించి పెంచకూడదని హద్దు పెట్టారు బావా."

"పదిహేనా! మా టెక్సాస్‌లో సొంతింటి విలువ పది శాతం కంటే పెంచకూడదు, తెలుసునా?"

"పది శాతం ఎంత మీద బావా?"

లైన్లో ఏదో ఇబ్బంది వచ్చింది. రెండు రోజులదాకా బాగుపడలేదు.

ఏప్రిల్‌కు ఇంకో ముడి కూడా ఉంది. అమెరికాలో ఆదాయపు పన్ను లెక్కలు అప్పజెప్పే గడువు ఏప్రిల్ 15. ఇక్కడ కట్టిన ఇంటి పన్నును అక్కడి లెక్కల్లో తగ్గించుకోవచ్చని ఎవరో చెప్పారట. ఒకప్పుడు నిజమే. 2017లో చట్టం మార్చి, 2018 నుంచి సొంతానికి ఉంచుకున్న విదేశీ ఇంటి పన్నుకు ఆ సౌకర్యం తీసేశారు. ఆడిటరు ఆ మాట చెప్పిన రోజు బావ గొంతు బొంగురుపోయింది. "మా ఊరు ఫారినంట బావా! నేను పుట్టిన ఇల్లు ఫారిన్ ప్రాపర్టీ అంట!"

అద్దెకిచ్చిన ఇల్లయితే పన్నును ఖర్చు కింద చూపించుకోవచ్చని ఆడిటరే ఓదార్చాడు. దాంతో ఊరింటికి అద్దె మనిషిని వెతికే పని నా నెత్తిన పడింది. సముద్రం ఒడ్డు ఊళ్ళో ఇల్లు అద్దెకు అడిగేదెవరు? రొయ్యల గుంటలవాళ్ళు. ఒకాయన మేత బస్తాలు పెట్టుకుంటానని వచ్చాడు. వాసన వస్తుందని బావ గునిసి, చివరికి సరేనన్నాడు. సరేనన్నవాడు ఊరుకోకుండా వీడియో కాల్‌లో ఆ రైతుకు నియమాలు చదివాడు. ఇంటి యజమాని విదేశంలో ఉంటే, అద్దెలో నుంచి ముప్పై శాతానికి పైగా అద్దెదారే టీడీఎస్ కింద పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, అందుకు టాన్ నంబరు తీసుకోవాలి, మూడు నెలలకోసారి లెక్క చూపాలి. చట్టం అదే, బావ చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. రైతు అంతా విన్నాడు. "వైరస్ వచ్చి గుంట పోతే ఒక పంటే పోద్ది అబ్బయా. ఇదేందో నన్నే పట్టుకునేట్టుండాది" అని లేచి పోయాడు. బస్తాలు అల్లూరులో ఇంకెవరింట్లోనో పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

సరే, కట్టే ముహూర్తం సంగతి చూద్దాం. ఆన్‌లైన్‌లో తానే కట్టొచ్చు కదా అంటారు మీరు. బావ కూడా అలాగే అనుకున్నాడు. అమెరికా కార్డు పెడితే తీసుకోదు. ఇక్కడి ఎన్నార్వో ఖాతాలోంచి కడదామంటే ఓటీపీ ఇక్కడి సిమ్‌కు వస్తుంది. ఆ సిమ్ మా ఇంట్లో, బీరువా పైఅరలో, పాత బటన్ ఫోన్లో ఉంటుంది. ఏడాదికోసారి దాన్ని దించి ఛార్జింగ్ పెట్టి, రీఛార్జి చేయించి, దేవుడి పటం ముందు పెట్టినంత భక్తిగా బల్ల మీద పెడతాను. అటునుంచి బావ అసెస్‌మెంట్ నంబరు గడగడా చదువుతాడు. వాళ్ళ నాన్న తిథి మా ఆవిడ గుర్తు చేస్తే గానీ రాదు. ఈ నంబరు మటుకు నిద్రలో లేపి అడిగినా తడుముకోడు.

"వచ్చిందా?"

"రాలేదు."

"కిటికీ కాడికి పో బావా."

"పోయినా. రాలేదు."

"మిద్దెక్కు."

మిద్దెక్కాను. వచ్చింది. చదివేలోగా గడువు దాటింది. మళ్ళీ మొదటినుంచి. కింద మా ఆవిడ ఇడ్లీలు చల్లారిపోతున్నాయని కేకేస్తోంది. ఆ కేక కూడా డాలస్‌లో వినబడింది. "ఏం చట్నీ బావా?" అన్నాడు ఆయన. నాకు ఆయన మీద కోపం పోయేది ఇలాంటప్పుడే.

సంక్రాంతికి వచ్చినప్పుడు మనిషిని చూడాలి. మైపాడు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర నిలబడి, వెలగని వీధి లైటు వైపు చెయ్యి చూపించి, "పన్ను కడుతుండాం గదా, అడిగే హక్కు లేదా?" అని నిలదీస్తాడు. ఒకసారి బెంచీ మీద పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "నువ్వు కట్టేదానికి ఆ బల్బు గూడా రాదు అబ్బయా" అన్నాడు. బావ మర్నాడే నెల్లూరు పోయి బల్బు కొనుక్కొచ్చి తానే వేయించాడు. దాని బిల్లు కూడా పన్ను రసీదుల ఫైల్లో దాచాడు.

ఆ ఫైలంటే ఆయనకు ప్రాణం. తాళం వేసిన ఇల్లు ఎవడో ఆక్రమించుకుంటాడని భయం, రసీదులుంటే ధైర్యం. పన్ను కట్టినంత మాత్రాన ఆస్తి మీద హక్కు రాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. ఆ మాట ఎత్తితే బావ వేరే కబుర్లలోకి దూకుతాడు. ఎందుకంటే ఊరింటి రసీదు మీద ఈనాటికీ ఉన్నది వాళ్ళ నాన్న పేరు. పోయిన మనిషి ఏటా ఠంచనుగా పన్ను కడుతున్నాడు. పేరు మార్పించుకోవాలంటే వారసుల కాగితం కావాలి. వారసులంటే బావ ఒక్కడే కాదు, ఇద్దరు చెల్లెళ్ళు కూడా. టెక్సాస్‌లో సొంతింటి మినహాయింపు 2023లో లక్ష డాలర్లకు పెరిగిందని నెలతో సహా చెప్పే మనిషికి, ఎన్టీఆర్ హయాంలో 1986లోనే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇచ్చిన చట్టం గుర్తుండదు. 2005లో దేశమంతటికీ అదే వర్తింపజేశారన్నదీ గుర్తుండదు. తండ్రి స్వార్జితమైతే 1956 నుంచే కూతుళ్ళూ వారసులన్నది అసలు విననే లేదంటాడు. మా ఆవిడ ఇంతవరకూ వాటా అడగలేదు. ఓటీపీ కోసం మిద్దెక్కిన నన్ను చూసి నవ్వి ఊరుకుంటుంది, అంతే. ఆ నవ్వు వీడియో కాల్‌లో బావకు కనబడకుండా ఫోను ఇటు తిప్పుతుంటాను.

కాబట్టి బావా, నీకు ఒక మనవి. పన్ను సంగతి వదిలెయ్, ఏప్రిల్ మొదటి వారంలోనే నేను కట్టేస్తాను, నాలుగు మూలలూ పడేలా ఫొటో పంపుతాను. ఈసారి వచ్చినప్పుడు మాత్రం ఆ పేరు మార్పు పని చూసుకుని పో. నీ చెల్లెళ్ళిద్దరూ నెల్లూరులోనే ఉన్నారు. పంచాయతీ ఆఫీసు మన ఇంటికి నాలుగిళ్ళ అవతలే.