బండి చూసే మామ

తిరువళ్ళూరులో పాత కారు కొనాలనుకున్నవాళ్లు అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు ఆయన్ను తీసుకెళ్లి బండి చూపించుకునేవాళ్లు. వీరరాఘవస్వామి కోనేటికి రెండు వీధుల అవతల ఇల్లు. తెలుగువాళ్లకైనా తమిళులకైనా, చిన్నాపెద్దా అందరికీ ఆయన మామే.

ఆ చుట్టుపక్కల కార్ల సంగతి తెలిసినవాళ్లకు కొదవేం లేదు. ఊరి దగ్గర అప్పట్లో ఉన్న హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్ తయారయింది. అదే ఏడాది శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ సాంత్రో బయటికొచ్చింది. కార్ల ప్లాంట్లలోనో, విడిభాగాల షెడ్లలోనో పనిచేసి వచ్చినవాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. అంతమంది ఉన్నా మామ మాటకున్న విలువ వేరు. ఆయన ఏ బ్రోకరు దగ్గరా కమిషన్ ముట్టడు. కొనేవాడి దగ్గర కాఫీ తాగుతాడు, అంతే.

మామ బండి చూసే తీరు చూసి తీరాల్సిందే. ముందు బానెట్ మీద అరచెయ్యి పెడతాడు. వెచ్చగా ఉంటే వెనక్కి వచ్చేస్తాడు. మనం వచ్చేలోపు స్టార్ట్ చేసి పెట్టారంటే చల్లటి ఇంజనులో ఏదో మొరాయింపు ఉందని ఆయన లెక్క. డోరు బీడింగు కాస్త లాగి, లోపల కంపెనీ వెల్డింగు చుక్కలు వరసగా ఉన్నాయో లేదో చూస్తాడు. మీటరు 30 వేల కిలోమీటర్లు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరు తిప్పినట్టే. టైరు పక్కన ఉండే నాలుగంకెల నంబరు చదివి, అది ఏ ఏడాది ఎన్నో వారంలో తయారైందో చెప్పేస్తాడు. ఛాసిస్ నంబరును గుడ్డతో తుడిచి ఆర్‌సీ బుక్కుతో ఒక్కో అంకే సరిచూస్తాడు. లోను తీరినా బుక్కులో హైపోథికేషన్ కొట్టేయించారా లేదా అని అడుగుతాడు. చివరికి బండిలోని లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి, అమ్మేవాడి చేతికే ఇస్తాడు.

"దాచిపెట్టి తగ్గించమని అడగగూడదప్పా. ఇదీ లోపం, దీనికి ఇంత ఖర్చవుతుంది, అది తీసేసి చెప్పు అనాల. కొన్నోడూ అమ్మినోడూ ఇద్దరూ ఆ రాత్రి సుఖంగా నిద్రపోతేనే అది మంచి బేరం" అనేవాడు.

ఆ మాటలో ఎంతో సత్తువ ఉంది. కొత్త కారుకు షోరూము ఉంది, వారంటీ ఉంది, నిలదీయడానికి కౌంటరు ఉంది. పాత కారుకు అవేమీ లేవు. జీవితంలో ఒక్కసారి కారు కొనే మధ్యతరగతి కుటుంబం పిల్లల చదువుకు దాచినదీ, చీటీ పాడినదీ కలిపి, ముక్కూమొహం తెలియని మనిషి మాట మీద పోస్తుంది. అక్కడ ఉన్నదల్లా నమ్మకమే. దాన్ని కాపాడేవాళ్లు ఊరికి ఒకరున్నా ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

మామ కూతురికి సరిహద్దు అవతల పుత్తూరు సంబంధం కుదిరింది. ఇవతలున్న తిరుత్తణి కూడా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సరిహద్దుల మార్పు చట్టంతో ఆ రోజున మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. పటంలో గీత జరిగింది గానీ చుట్టరికాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈ పక్క తిరువళ్ళూరు, తిరుత్తణి, ఆ పక్క నగరి, పుత్తూరు. పిల్లనిచ్చినా, పిల్లను తెచ్చుకున్నా ఇవే ఊళ్లు. చెన్నై నుంచి తిరుపతికి వెళ్లే రోడ్డు వీటన్నిటినీ కలుపుతుంది.

ముహూర్తం 2016 వేసవికి పెట్టుకున్నారు. పెళ్లికి డబ్బు సమకూర్చుకుంటుండగానే 2015 డిసెంబరు వచ్చింది.

ఆ డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీళ్లు అడయారు నిండా పొర్లి చెన్నైని ముంచేశాయి. సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కోట్టూర్‌పురం, ఎక్కడ చూసినా అపార్టుమెంట్ల కింద పార్కింగులో కార్లు కప్పుల దాకా మునిగాయి. పూర్తి బీమా ఉన్నవాళ్లకు కంపెనీలు ఏదో ఒక లెక్క కట్టాయి. థర్డ్ పార్టీ మాత్రమే కట్టినవాళ్లకు రూపాయి రాలేదు. అలా నష్టపోయినవాళ్లలో ఒక రిటైర్డు ఉద్యోగి తన తెల్ల కారును చూడ్డానికి మామను పిలిచాడు.

"రెండు రోజులు నీళ్లలోనే ఉందండీ. నేను స్టార్ట్ కూడా చేయలేదు. ఉన్నదున్నట్టు చెప్తున్నా, ఎంతకు పోతే అంతకు ఇచ్చేస్తా" అన్నాడాయన.

మామ 45 వేలు ఇచ్చి బండిని లారీ మీద తిరువళ్ళూరుకు తెచ్చుకున్నాడు. ఊరి చివర ఒక తెలిసినవాళ్ల షెడ్డులో పెట్టి, ఎవరికీ చెప్పకుండా నెలరోజులు దాని మీదే పనిచేశాడు. ఇంజను విప్పి కడిగించాడు. సీట్లు ఊడదీసి ఎండబెట్టాడు. కింద కార్పెట్టు మార్పించాడు. డిక్కీలో స్టెప్నీ గుంటలోని బురదను టూత్‌బ్రష్‌తో గీకాడు. పాత సామాన్ల కోసం చెన్నైలో పుదుప్పేట అంగళ్లు తిరిగొచ్చాడు. తనలాంటి కన్ను ఎక్కడెక్కడ వెతుకుతుందో ఆయనకు తెలుసు. అక్కడల్లా ఏమీ దొరక్కుండా చేశాడు. అన్నీ కలిపి 60 వేలు ఖర్చయింది.

నగరి నుంచి ఒక బ్రోకరు వచ్చాడు. బండి మామదని విని బానెట్ కూడా ఎత్తలేదు.

"నీ చేతిమీద వచ్చిన బండికి చూసేదేముంది మామా" అన్నాడు.

మునిగిన బండని మామ చెప్పలేదు. 2 లక్షల 40 వేలకు బేరం తెగింది. చెన్నై ఆర్‌టీవో ఆఫీసు నుంచి ఎన్‌వోసీ వచ్చింది. బండి గీత దాటింది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. టీఎన్ పలక పోయి ఏపీ 03 పలక వచ్చింది. దానితోపాటే ఆ డిసెంబరు కూడా దాని ఒంటి మీద నుంచి చెరిగిపోయింది. మిగిలిన డబ్బుతో మామ కూతురికి గాజులు చేయించాడు. పెళ్లి ఘనంగా జరిగింది.

అల్లుడు పుత్తూరులో చిన్న ఉద్యోగం. నెమ్మదస్తుడు, మామంటే గురి. పండక్కి వచ్చినప్పుడల్లా మామ వెంట బండ్లు చూడ్డానికి వెళ్లేవాడు. ఆడపిల్ల పుట్టాక, పాప కోసమైనా ఒక కారు ఉంటే బాగుండునన్నాడు. ఆ సాయంత్రం మామ అరుగు మీద కూర్చోబెట్టి తనకు తెలిసిందంతా చెప్పాడు.

"అన్నిట్లోకీ మోసం నీళ్లల్లో మునిగిన బండి అల్లుడూ. పైకి పెళ్లికూతురి మాదిరి ఉంటాది. లోపల వైర్లు కుళ్లిపోతా ఉంటాయి. ఎప్పుడు రోడ్డు మధ్యలో ఆగిపోతాదో తెలీదు. ఎయిర్‌బ్యాగు కనెక్షన్ తుప్పు పట్టిందంటే గుద్దుకున్న రోజు అది తెరుచుకోదు. దాన్ని కనిపెట్టేదానికి ఒకటే దారి. సీటు బెల్టు పట్టుకోని కడదాకా లాగు. లోపల చుట్టుకోని ఉండే కొసకు మట్టి గీత ఉందంటే అడ్వాన్సు కూడా ఇయ్యొద్దు. సీట్లు కడుగుతారు, సెంటు కొడతారు. బెల్టు కొస సంగతి ఎవురికీ గుర్తుండదు."

అల్లుడు శ్రద్ధగా విన్నాడు. కొన్నాక బీమా కూడా 14 రోజుల్లోపు తన పేరుకు మార్చమని కంపెనీకి రాయాలనీ, లేకపోతే సొంత బండికి జరిగిన నష్టానికి క్లెయిము చిక్కుల్లో పడుతుందనీ మామ చెబితే ఫోనులో రాసుకున్నాడు.

2018లో ఆడికృత్తిక రద్దీ తగ్గాక అల్లుడి దగ్గర నుంచి ఫోను వచ్చింది. కారు కొన్నాడట. రేపు తిరుత్తణి కొండ మీద పూజ. మామా అత్తా తప్పకుండా రావాలి. ఏ బండి, ఎవరి దగ్గర కొన్నావంటే నవ్వేసి, వచ్చి చూడండన్నాడు.

మామ, అత్త పొద్దున్నే లోకల్ రైల్లో తిరుత్తణి చేరారు. కొండకు 365 మెట్లున్నా బండ్లు పైదాకా వెళ్లే రోడ్డు కూడా ఉంది. స్టేషను బయటే అల్లుడు కారుతో నిలబడి ఉన్నాడు. తెల్ల కారు, ఏపీ 03 నంబరు. ఆ రోడ్డు మీద వచ్చేపోయే కార్లలో సగం అలాగే ఉంటాయి. మామ అలవాటు కొద్దీ చుట్టూ తిరిగి చూశాడు. టైర్లు కొత్తవి. పెయింటు బాగుంది.

కొండ మీద పూజారి బానెట్‌కు విభూతి పట్టెలు దిద్ది కుంకుమ పెట్టాడు. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించాడు. పాప ఆ నిమ్మకాయలు నలిగే చప్పుడుకు కిలకిలా నవ్వింది. అల్లుడు ప్రసాదం పంచుతూ, తాను చేసిన పరీక్షలన్నీ ఒక్కొక్కటే మామకు అప్పజెప్పాడు. చల్లటి ఇంజను, బీడింగు, పెడల్, ఛాసిస్ నంబరు.

"బెల్టు?" అన్నాడు మామ.

"అదే మొదట చూసినా మామా. ఐదూ కడదాకా లాగినా. ఒక్క మరక లేదు."

మామ సంతోషంగా అల్లుడి భుజం తట్టాడు.

దిగేటప్పుడు మామ వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. మనవరాలిని ఒళ్లోకి తీసుకోబోతూ, వంపుల రోడ్డు కదా అని పాపను తల్లికిచ్చి బెల్టు లాగాడు. లోపలి సీట్లన్నీ గోధుమరంగు. బెల్టు మాత్రం బూడిదరంగు. బకిల్ నాలుక కిందికి జారిపోకుండా బెల్టుకు కంపెనీవాళ్లు చిన్న ప్లాస్టిక్ గుండీ బిగిస్తారు. దీనికి అది లేదు. దాని చోట నాలుగు చిల్లుల తెల్ల చొక్కా గుండీ, నల్లదారంతో అడ్డదిడ్డంగా కుట్టి ఉంది.

ఆ దారం మామదే. గుండీ మామ చొక్కాదే.

మునిగిన కారు బెల్టులు ఐదూ మట్టి గీతలతో ఉంటే కొనేవాడు చూసేస్తాడని, పుదుప్పేటలో తుక్కుగా విప్పిన కార్ల బెల్టులు ఏరుకొచ్చి తగిలించాడు. గోధుమరంగువి దొరకలేదు. ఒకదానికి గుండీ ఊడిపోయి ఉంటే, ఆ రాత్రి షెడ్డులో లైటు కింద కూర్చుని తన చొక్కాది తెంపి కుట్టాడు.

కారు మొదటి వంపు తిరుగుతోంది. పక్కన కూతురు, ఆమె ఒళ్లో పాప. కూతురి చేతులకు ఆ గాజులే ఉన్నాయి.

"ఆపు" అన్నాడు మామ. "బండి ఆపు అల్లుడూ. ఇది మనకొద్దు. ఈ పొద్దే తిరిగిచ్చేద్దాం. ఎంత నష్టమైనా నేనిస్తా."

అల్లుడు బండి పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరిగి, బెల్టు మీద గుండీ పట్టుకున్న మామ చెయ్యి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"గుర్తుపట్టేసినారా మామా! మీరు కనిపెడతారా లేదా అని పొద్దుట్నించీ చూస్తా ఉండా. నగరి బ్రోకరు మొదటే చెప్పినాడు, ఇది మీ చేతిమీద వచ్చిన బండని. ఇంకో మెకానిక్‌కు చూపించి తీసుకుందామని మా నాయన అన్నాడు గానీ, నేనే వద్దన్నా. అందురూ బండి తీసుకోని మీ కాడికే వస్తారు కదా, మీరు అమ్మిన బండిని ఇంకెవురికి చూపించాల? అడిగినంతా ఇచ్చేసి తెచ్చుకున్నా."