చంద్రుడికి పదేళ్ళకోసారి సున్నం

పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 మార్చిలో వెలువరించిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆర్ట్ రాక్‌లో, అంటే రాక్ సంగీతాన్ని గెంతడానికి గాక కూర్చుని తల పంకించడానికి ఉద్దేశించిన శాఖలో, ప్రామాణిక రచనగా చెలామణీ అవుతోంది. దాని నిడివి సుమారు 43 నిమిషాలు. పునర్ముద్రణల చరిత్ర మాత్రం యాభై ఏళ్ళు దాటినా ముగింపుకు రాలేదు.

ఇందులోని 'మనీ' అనే పాట డబ్బాశను ఎగతాళి చేస్తుంది. దాని ఆరంభంలో వినిపించే గల్లాపెట్టె చప్పుడు, నాణేల గలగల, కాగితం చింపిన శబ్దం టేప్ లూప్‌గా, అనగా రికార్డయిన టేపును కొలిచి ముక్కలు కోసి, వరుసగా అతికించి, కొసను మొదటికి కలిపి ఆగకుండా తిప్పే పద్ధతిలో తయారయ్యాయి. బృందంలోని రోజర్ వాటర్స్ తన భార్య కుండల పనికి వాడుకొనే గిన్నెలోకి చిల్లర విసిరి ఆ గలగలను పట్టగా, ముక్కలన్నీ కలిసి ఏడు దెబ్బల లయగా తేలాయి. మిశ్రచాపు ఎరిగిన చెవికి ఇది వింత కాకపోయినా, నాలుగు దాటి లెక్కపెట్టే అలవాటు లేని రాక్ శ్రోతలకు విడ్డూరమే. ఆ గిన్నెలో పడిన చిల్లర ఎంత వడ్డీతో తిరిగి వచ్చిందో తరువాతి కథ చెబుతుంది.

సంక్రాంతికి ఇంటికి సున్నం వేయించినట్లు, ఈ ఆల్బమ్‌కు ఇంచుమించు పదేళ్ళకోసారి కొత్త మెరుగు దిద్దడం ఆచారమైంది. పూర్తయిన టేపులోని హెచ్చుతగ్గులను మళ్ళీ సరిదిద్దితే రీమాస్టర్ అనీ, గాత్రాన్నీ వాద్యాలనూ విడివిడిగా తీసి మళ్ళీ కలిపితే రీమిక్స్ అనీ అంటారు. 2003లో సౌండ్ ఇంజనీర్ జేమ్స్ గత్రీ దీనిని 5.1 పద్ధతికి మార్చడంతో, శ్రోత చుట్టూ అయిదు స్పీకర్లు, మంద్ర స్వరాలకు మరొకటి అవసరమయ్యాయి. 2011 నాటి పెట్టెలో ఆరు డిస్కులతో పాటు ఒక మెడగుడ్డ, కప్పుల కింద పెట్టుకొనే బిళ్ళలు, గోలీలు కూడా లభించాయి. గోలీలు ధ్వని స్పష్టతకు ఏ విధంగా తోడ్పడతాయో శబ్దశాస్త్రం ఇంకా తేల్చవలసి ఉంది. 2023లో స్వర్ణోత్సవం వచ్చేసరికి పైకప్పు నుంచి కూడా ధ్వని దిగివచ్చే డాల్బీ అట్మాస్ చేరింది. అదే ఏడాది వాటర్స్ మొత్తం ఆల్బమ్‌ను పాత మిత్రులు లేకుండా మళ్ళీ రికార్డు చేసి, గిటారు సోలోలను పక్కన పెట్టి, వాటి బదులు తన మాటలు వినిపించాడు.

ఇన్ని సవరణలలోనూ నిజంగా సరిదిద్దవలసిన దోషాన్ని ఏ స్టూడియో కనిపెట్టలేదు. ఆల్బమ్‌లోని 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' పాటలో ఒక్క పదమైనా లేకుండా గొంతుతోనే ఆర్తిని పలికించిన క్లేర్ టోరీకి నాడు ముట్టినది 30 పౌండ్లు. ఆమె 2004లో దావా వేయగా, మరుసటి ఏడు కోర్టు వెలుపల రాజీ కుదిరి, తరువాతి ముద్రణలలో బృందంలోని రిచర్డ్ రైట్ సరసన ఆమె పేరు కూడా స్వరకర్తగా చేరింది. ఆ మెరుగును గుర్తించడానికి ఆరు స్పీకర్లు అక్కరలేదు, అట్ట వెనుక అక్షరాలు చదవడానికి కళ్ళజోడు ఉంటే సరిపోతుంది.