బైపాస్ తర్వాత పాటించాల్సిన తలకిందుల సలహాలు

బైపాస్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి సలహాలకు కొదవుండదు. ‘గండం గడిచింది, దేవుడికి దండం పెట్టుకో’ అంటారు. ‘ఇది పునర్జన్మ, ఇక నువ్వు కొత్త మనిషివి’ అంటారు. అన్నీ ప్రేమతో అనే మాటలే. కానీ ఛాతీ ఎముకను కోసి, మళ్లీ స్టీలు తీగలతో కట్టి పంపిన మనిషికి అవి మోయలేని బరువు. రెండేళ్ల కిందట ఆ బరువు మోసినవాడిగా, వాటికి ఎదురుతిరిగే ఆరు సలహాలు చెబుతున్నాను. వినగానే తప్పుగా తోస్తాయి. నాకు పనికొచ్చినవి మాత్రం ఇవే.

1. కృతజ్ఞతను బలవంతంగా తెచ్చుకోకండి

మొదటి వారాల్లో వెల్లకిలా తప్ప పడుకోలేరు. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. అన్నం సయించదు. బైపాస్ కోసం సిర తీసిన కాలు వాస్తుంది. ఆ స్థితిలో మనసులో ఏ కృతజ్ఞతా పుట్టకపోతే మీరు చెడ్డవాళ్లు కారు.

ఆస్పత్రిలో నా చేతికి మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. మూడు రోజులు ఒక్కటే లేచింది, అదీ సగం దాకా. నాలుగో రోజు రెండోది కదిలింది. ప్రాణం నిలబడిందని అందరూ సంబరపడుతున్నారు. నాకు మాత్రం ఆ రోజు ఆ బంతే సంబరం. మీకూ అంత చిన్నదే దొరికితే అదే పట్టుకోండి.

2. పునర్జన్మ అనుకోకండి

ఇది మరమ్మతు. కాలి సిరతో గుండెకు పక్కదారి వేసే పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రెనె ఫవలోరో అనే అర్జెంటీనా డాక్టరు నిలబెట్టారు. మన దేశంలో ఈ ఆపరేషన్‌కు 1975లో మద్రాసులో డాక్టర్ కె.ఎం. చెరియన్ దారి తీశారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కూలి పనికి వెళ్లేవాళ్లకూ ఇలాంటి ఆపరేషన్లు అందాయి. ఇన్ని చేతులు కలిసి మీ పాత బతుకునే మీకు తిరిగి ఇచ్చాయి.

పాత బతుకుతోపాటు పాత జబ్బూ ఉంటుంది. కొత్తగా వేసిన దారి కూడా మూసుకుపోవచ్చు. సిగరెట్ మళ్లీ ముట్టుకోకూడదు, మాత్రలు సొంతంగా ఆపకూడదు. పునర్జన్మ అనుకున్నవాళ్లు ఈ సంగతే మరిచిపోతారు.

3. ధైర్యంగా ఉండకండి, ఏడవండి

పరామర్శకు వచ్చినవాళ్ల ముందు నవ్వి, వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి పడుకునేవాణ్ని. ‘బతికి బయటపడ్డాను కదా, ఎందుకీ దిగులు?’ అని సిగ్గుపడ్డాను. బైపాస్ తర్వాత దిగులు చాలామందికి వస్తుందని డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. ఏడుపొస్తే ఇంట్లోవాళ్ల ఎదుటే ఏడవండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

4. మొక్కులు వాయిదా వేయండి

మా ఆవిడ నా కోసం అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కిస్తానని మొక్కుకుంది. అవి 3,550 మెట్లు. ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆలోగా నాలుగైదు కిలోల బరువు ఎత్తడమే తప్పు. డాక్టరు సరేనన్నాకే మొక్కు. ఉపవాసమైనా అంతే. ఆలస్యమైందని దేవుడు అలగడు.

5. పెద్ద లక్ష్యం పెట్టుకోకండి

ట్రస్టు పెట్టాలి, ఊరికి ఏదో చేయాలి అని ఆస్పత్రి మంచం మీద నేనూ అనుకున్నాను. ఇంటికొచ్చాక బాత్రూం దాకా నడిస్తేనే ఆయాసం. చేయలేనని తెలిసి మరింత కుంగిపోయాను.

నాలుగో వారంలో మా కోడలు, “మావయ్యా, పొద్దున పాప నీళ్ల సీసా మీరు నింపి పెడతారా?” అంది. మర్నాడు ఆరింటికే లేచాను. సీసా కడిగి, నింపి, మూత గట్టిగా బిగించి పాప బ్యాగులో పెట్టాను. ఆపరేషన్ తర్వాత నా కోసం కాకుండా ఇంకొకరి కోసం లేచిన మొదటి పొద్దు అదే. ఇంట్లోవాళ్లకు నా మాట ఒక్కటే: కోలుకుంటున్న మనిషిని కూర్చోబెట్టి అన్నీ చేతికి అందించకండి. ఒక చిన్న పని అడగండి.

6. అందరికీ కృతజ్ఞతలు చెప్పకండి

అందరికీ చెప్పేది ఎవరికీ చేరదు. ఒక్క మనిషిని తలుచుకోండి, ఆ మనిషి ఏం చేసిందో తలుచుకోండి. నాకైతే వార్డులో ఆయా. దగ్గొస్తే కుట్లు ఊడిపోతాయని భయపడి బిగబట్టుకునేవాణ్ని. ఆమె దిండు తెచ్చి నా గుండెల మీద పెట్టింది. “గట్టిగా వాటేసుకుని దగ్గు బాబాయ్. ఏం ఊడిపోదు” అంది.

మూడు నెలల తర్వాత చెకప్‌కు వెళ్లినప్పుడు వెతుక్కుంటూ వెళ్లి చెప్పాను. ఆమెకు నేను గుర్తు లేను. రోజూ ఎంతమందికి ఆ దిండు ఇస్తుందో!

మొన్న మా వీధిలో ఒకాయన బైపాస్ చేయించుకుని ఇంటికొచ్చారు. చూడ్డానికి వెళ్తే, ఇంట్లోవాళ్లు అటు వెళ్లాక మెల్లగా అడిగారు: “దగ్గితే కుట్లు ఊడిపోవు కదండీ?” పక్కనున్న దిండు తీసి ఆయన చేతుల్లో పెట్టాను.

“గట్టిగా వాటేసుకుని దగ్గండి. ఏం ఊడిపోదు.”

ఆయన దగ్గారు.