చివరిదాకా

పెద్ద ఆడియో ఫైలు చిన్న ప్లేయర్‌లో ఎందుకు పాడదో చెప్పమని మా పక్కింటి అన్నయ్య ఒక ఫిబ్రవరి శనివారం నా దగ్గరికొచ్చాడు. ఆక్లండ్ తూర్పున బోటనీ డౌన్స్ మాది. వేసవి కాబట్టి సాయంత్రం ఏడైనా ఎండ దిగలేదు. జేబులో పట్టే ప్లేయరూ ఒక పెన్‌డ్రైవూ తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మ క్యాసెట్లు తమ్ముడూ. షాపులో ఇచ్చి అన్నీ కలిపి ఒకటే ఫైలు చేయించాను. నడకకెళ్లినప్పుడు విందామంటే ఇది పలకదు."

1998లో ఆయన ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఇండియాకి ఫోన్ అంటే గడియారం చూసుకుంటూ మాట్లాడడమే. అందుకని నూజివీడు నుంచి వాళ్లమ్మగారు కబుర్లన్నీ క్యాసెట్‌లో చెప్పి పోస్టు చేసేవారు. అరవై నిమిషాల క్యాసెట్లు, మొత్తం ఆరు.

"అప్పట్లో అన్నీ విన్నావా?" అన్నాను.

"వినకేం! కారులో వేసుకునేవాణ్ణి. ఇప్పుడు అమ్మ గొంతు సన్నబడిపోయింది. అప్పటి గొంతు మళ్లీ వినాలనుంది."

ఫైలు తెరిచాను. షాపువాళ్లు సీడీ నాణ్యతలో వేవ్ ఫైలు చేసిచ్చారు. అంటే సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, కుడికీ ఎడమకీ ఒక్కో కొలతకు రెండేసి బైట్ల చొప్పున రాయడం. గంటకు 63 కోట్ల బైట్లు పైచిలుకు, ఆరు గంటలకు 381 కోట్లు. మెమరీ కార్డులకు మామూలుగా వాడే ఫ్యాట్32 పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ, అంటే 429 కోట్ల బైట్లు మించకూడదు. ఇది ఆ హద్దు లోపలే ఉంది కాబట్టి కార్డులోకి ఎక్కింది. చిక్కు ప్లేయర్‌లో ఉంది. కొన్ని ప్లేయర్ల ప్రోగ్రాములో ఫైలు సైజు రాసుకునే అంకెకు మైనస్ గుర్తుకూ చోటుంచుతారు. అప్పుడు హద్దు సగానికి, 214 కోట్లకు పడిపోతుంది. అది దాటిన సైజు మైనస్ అంకెగా కనబడుతుంది. మైనస్ సైజున్న ఫైలును ఏ ప్లేయరూ పాడలేదు.

"ఎంపీ3 చేసేస్తే సరిపోదా?"

"128 కేబీపీఎస్‌లో చేస్తే 345 ఎంబీకి దిగుతుంది, పాడుతుంది కూడా. కానీ ఇలాంటి ప్లేయర్లలో చాలావాటికి నిన్న ఎక్కడ ఆపావో గుర్తుండదు. రోజూ మొదటి క్యాసెట్టే వింటావు. బిట్‌రేటు మారుతుండే ఎంపీ3 చేస్తే ముందుకు జరుపుదామన్నా కష్టమే. దానిలో ఎక్కడికి జరపాలో చెప్పే గుర్తులు సాధారణంగా వందే ఉంటాయి. నాలుగు నిమిషాల పాటకి అవి చాలు. ఆరు గంటల ఫైల్లో ఒక గుర్తుకీ ఇంకో గుర్తుకీ మధ్య మూడున్నర నిమిషాలు పైనే."

పెద్ద ఫైళ్లతో ఈ తంటా పేరున్న ప్లేయర్లకూ తప్పలేదు. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్‌లో 5 జీబీ డిస్కు, 32 ఎంబీ మెమరీ ఉండేవి. కొన్ని పాటలు ముందే మెమరీలోకి లాక్కుని డిస్కును ఆపేసేది, బ్యాటరీ నిలిచేది. ఫైలు మెమరీలో పట్టకపోతే డిస్కు మాటిమాటికీ తిరిగి ఛార్జింగు తొందరగా దిగిపోయేది. ఈ యంత్రాలను పాట కొలతకు చేశారు. ఇంట్లో పెద్దవాళ్ల గొంతులు దాచుకునేవాళ్లు అసలు రికార్డింగును కంప్యూటర్లో భద్రంగా ఉంచి, వినడానికి మాత్రం చిన్న ముక్కలుగా చేసుకోవాలి. లేకపోతే దాచడమే అవుతుంది, వినడం కాదు.

ముక్కలు చేస్తుండగా నూజివీడు నుంచి ఫోను. అన్నయ్య స్పీకర్లో పెట్టాడు. మోకాళ్ల నొప్పులు, కరెంటు బిల్లు, మనవరాలి చదువు అయ్యాక అమ్మగారు, "ఇంకేమన్నా అడగాలా నాన్నా?" అన్నారు.

"ఏం లేదమ్మా, ఉంటా."

ఫోను పెట్టేసి నవ్వాడు. "ఏళ్ల తరబడి ఇదే మాట. ఇది అడగందే ఫోను పెట్టదు."

నేను మళ్లీ పనిలో పడ్డాను. ఒక క్యాసెట్ ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో స్క్రీను మీద గీత చెబుతుంది. మాట ఉన్నచోట గీత లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. మొదటి క్యాసెట్ రెండో వైపు, కబుర్లయిపోయి గీత చాలాసేపు చదునుగా సాగింది. కోసేద్దామనుకుంటుండగా చిట్టచివర మళ్లీ కాస్త లేచింది. రెండో క్యాసెట్ చివరా అంతే. మూడోదీ అంతే. ఆరింటికీ అదే చోట.

"ఇదేంటన్నయ్యా?"

"ఏమో, నేను చూళ్లేదే" అన్నాడు.

మొదటిది నొక్కాను. అమ్మగారి గొంతు, పక్కవాళ్లకు వినబడకూడదన్నట్టు నెమ్మదిగా వచ్చింది.

"నాన్నా, ఇక్కడిదాకా విన్నావా? నీకు పనెక్కువ, నాకు తెలుసు. విన్నావా అని అడిగితే నన్ను సంతోషపెట్టడానికి విన్నానంటావు. అందుకే నేనడగను. నిజంగా విన్నావనుకో, ఫోన్లో నువ్వే, మన చిన్నరసం చెట్టుకి పూత నిలిచిందా అని అడుగు. నాకర్థమైపోతుంది."

మిగతా అయిదింటిలోనూ అదే మాట. అయిదోదాంట్లో, "పోనీలే, తీరికైనప్పుడే విను" అని కూడా ఉంది.

అన్నయ్య ఇంకేమీ మాట్లాడకుండా నూజివీడుకి ఫోను కలిపాడు.

"ఏంట్రా, ఇప్పుడేగా మాట్లాడావు?"

"అడగడం మర్చిపోయానమ్మా. మన చిన్నరసం చెట్టుకి పూత నిలిచిందా?"

అవతల కాసేపు మాట లేదు.

"ఏ చెట్టు నాన్నా? నువ్వక్కడ ఇల్లు కొంటానంటే పెరడమ్మేగా డబ్బు పంపాం. కొన్నవాళ్లు మొదట కొట్టించింది దాన్నే."